నడవలో నల్లబండ

కమలాపురంలో బండపరుపు మేస్త్రీలకు కొదవ లేదు గానీ, సుందరం పరిచిన నేల మీద గోలీ పెడితే కదలకుండా కూర్చుంటుందని పేరు. ఆ పేరు ఊరు పెట్టిందో, సుందరం తనకు తానే పెట్టుకున్నాడో చెప్పలేం. పెళ్లికి పోయినా అతను ముందు ఆ ఇంటి నేల చూసేవాడు. చెప్పులు విడిచి పాదంతో తడిమేవాడు, మడమతో తట్టేవాడు. ఎక్కడైనా బండ కింద బోలుగా మోగిందంటే అది పరిచిన మేస్త్రీ ఎవరో కనుక్కుని మరీ నవ్వుకునేవాడు. ఆ పెళ్లిలో ఏం వడ్డించారని ఇంటికొచ్చాక భార్య అడిగితే మాత్రం నోరు వెళ్లబెట్టేవాడు.

అంతటివాడి సొంత ఇంట్లో సిమెంటు నేల, అదీ గుంతలు పడింది. కాలనీలో గవర్నమెంటు ఇచ్చిన ఇల్లు అది. ముందు ఒక గది, వెనక వంటిల్లు, ఆ పక్కన పెరటి బాత్రూముకు పోయే సన్నని నడవ. "ఊర్లో అందరిండ్లకూ అద్దాలు పరుస్తావు. మన ఇల్లు సూడు, కోళ్లు గెలికినట్ల ఉండాది," అని భార్య ఏసుమణి దెప్పేది. ఈ పని అయిపోనీ, ఆ పని అయిపోనీ అని సుందరం జరుపుకుంటూ వచ్చాడు. చివరికి సుందరం తల్లి కృపమణి ఆ గుంతల్లోనే కాలు మడతపడి బోర్లా పడింది.

దెబ్బ పెద్దది కాదు. కానీ కడపలో డాక్టరు కాలు చూసి ఊరుకోకుండా ఆమెను చాలాసేపు మాట్లాడించాడు. ఈరోజు ఏ వారమని, పొద్దున ఏం తిన్నావని అడిగాడు. ఆమె నవ్వుతూ, మర్యాదగా, ఒక్కదానికీ సరైన జవాబు చెప్పలేదు. ఏడాదిగా ఇంట్లో జరుగుతున్నదే అది. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయేది. మూడేళ్ల కిందట పోయిన భర్త ప్రేమయ్య సేను నుంచి ఇంకా రాలేదేమని వాకిట్లో నిలబడేది. ముసలితనం అనుకుని వీళ్లు సరిపెట్టుకున్నారు.

"ఇది వయసుతో వచ్చే మరుపు కాదు, డిమెన్షియా అనే జబ్బు. నయమయ్యేది కాదు," అన్నాడు డాక్టరు. "ఆమె కాళ్ల మీద ఆమె నడిచినన్నాళ్లూ మీకూ ఆమెకూ మేలు. మంచం పట్టిందంటే మళ్లీ లేవడం కష్టం. పడకుండా చూసుకోండి, నడక మాత్రం ఆపనీయకండి. ముందు ఆ ఇంటి నేల బాగుచేయించండి."

ఇంకెవరికైనా ఆ మాట దిగులు పుట్టించేది. సుందరానికి మాత్రం ప్రాణం లేచొచ్చింది. మందు లేని జబ్బుకు తన చేతిలో పని ఒకటుంది కదా అనుకున్నాడు.

మరుసటి రోజే యర్రగుంట్ల దారిలో ఉన్న కేశవులు శెట్టి బండల డిపోకు పోయాడు. మీసాలు రాకముందు నుంచీ సుందరం సరుకు కొనేది అక్కడే. సంగతి విని శెట్టి ఒక మూలకు చెయ్యి చూపించాడు.

"పాలిష్ లేని బూడిదరంగు బండ తీసుకపోప్పా. ఇల్లంతా ఒకటే రంగు వెయ్యి. ముసలామెకు కాలు నిలుస్తాది."

"గొడ్ల కొట్టంలో వేస్తారు శెట్టిగారూ దాన్ని. మా అమ్మకు వేయమంటారా?"

"అమ్మకే కదప్పా కావాల్సింది. ఊరికి కాదు కదా."

ఆ మాట సుందరానికి నచ్చలేదు. ముందు గదికి నున్నగా పాలిష్ పట్టిన బూడిదరంగు బండలు ఏరుకున్నాడు. ఇక నడవకు ఏం వేద్దామా అని చూస్తూ పోతుంటే గోడకు ఆనించిన పొడుగాటి నల్లబండ కనపడింది. మనిషి పడుకుంటే సరిపోయేంత పొడుగు, ఎక్కడా గీత లేదు.

"ఇది ఇంకా ఉండాదా!"

"యాడికి పోతాది? మీ నాయన సమాధికి తీసుకపోయినావే, దాని జత. రెండూ ఒకే పొరలో తీసినవి. ఇంత పొడుగుది ఇండ్లలోకి ఎవురూ అడగడం ల్యా."

సుందరం ఆ బండ మీద చెయ్యి వేశాడు. నాయనకు ఒకటి, అమ్మకు ఒకటి అనుకున్నాడు. అనుకోగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. నడవ మొత్తానికి అతుకు లేకుండా ఒకే బండ వేస్తే అమ్మ కాలికి ఎక్కడా తగులుకోదు కదా అని కూడా లెక్క వేసుకున్నాడు. తనలాంటి కొడుకు కమలాపురంలో ఇంకొకడు లేడని ఆ నిమిషాన నిజంగా నమ్మాడు. తర్వాత్తర్వాత ఈ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా అతనికి తల గోడకేసి కొట్టుకోవాలనిపించేది.

పని తానే చేశాడు. ఇంకో చెయ్యి తగలనివ్వలేదు. ఇసుక పరిచి, లెవల్ పైపు పట్టి, బండ దించి, చెక్కసుత్తితో అంగుళం అంగుళం తట్టుకుంటూ పోయాడు. నాయన సమాధి బండ చుట్టూ సన్నని తెల్లరాతి అంచు పొదిగాడు అప్పట్లో. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఇక్కడ కూడా అదే అంచు పొదిగాడు. తర్వాత పాలిష్ మిషన్ తిప్పి తిప్పి, బండలో ఇంటి కప్పు కనపడేదాకా వదల్లేదు. వీధివాళ్లు వచ్చి చూశారు. పాస్టరయ్య వచ్చి ప్రార్థన చేసి, "ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చు సుందరం," అన్నాడు. సుందరం ఆ రోజంతా నేల మీద నడవకుండా తేలినట్టే తిరిగాడు.

ఆ సాయంత్రం కృపమణి గోడ పట్టుకుని బాత్రూముకు బయలుదేరింది. ముందు గది బాగానే దాటింది. నడవ మొదట్లో ఆగింది. కిందికి చూసింది. కాళ్లకున్న హవాయి చెప్పులు విడిచి, పక్కకు జరిపి, ఒక అడుగు వెనక్కి వేసింది.

"రా మా," అన్నాడు సుందరం అవతల నిలబడి.

"ఆయన పండుకోనుండాడు."

"ఎవురు?"

"మీ నాయన."

సుందరం నవ్వాడు. "నాయన చనిపోయి మూడేండ్లాయ మా."

ఆమెకు అది ప్రతిసారీ కొత్త కబురే. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవారగా కూర్చుండిపోయింది. సుందరానికి కొంచెం చిన్నతనంగా అనిపించింది గానీ, అది అమ్మ ఏడుపు వల్ల కాదు. ఇంత పని చేస్తే ఆమె ఒక్కసారి కూడా బండను మెచ్చుకోలేదని.

మొదట కొన్నాళ్లు ఆమె అంచు పట్టుకుని పోయింది. గోడకు వీపు ఆనించి, పాదాలు అడ్డంగా పెట్టి, ఆ సన్నటి తెల్ల అంచు మీద జరుగుతూ జరుగుతూ నడవ దాటేది. చూస్తే నవ్వొచ్చేది. ఏసుమణి ఒకసారి పక్కింటామెకు ఆ నడక నడిచి చూపించింది కూడా. తర్వాత ఒకరోజు కృపమణి అంచు మీద పట్టు తప్పి తూలింది. అంతే, ఆ రోజు నుంచి నడవ వైపే పోవడం మానేసింది. బాత్రూము అవసరం పడితే మంచం దగ్గర నిలబడి నడవ వైపు చూస్తూ ఉండిపోయేది. ఆలోపల చీర తడిసిపోయేది.

"బండే కద మా! మింగుతాదా నిన్ను?" అనేవాడు సుందరం. మొదట్లో నవ్వుతూనే అనేవాడు. రోజులు గడిచేకొద్దీ ఆ మాటలో నవ్వు పోయి మాట మాత్రం మిగిలింది.

ఏసుమణి కష్టం వేరు. పగలంతా కూలికి పోయి వచ్చి దుప్పట్లు ఉతకాలి. కాలనీకి నీళ్లు వచ్చేదే రోజు విడిచి రోజు. "ఇదో, ఇంటాండావా? నా నడుము నాది కాదు ఇంక. ఆమెకు కాళ్లు లేవా? ఉండాయి. కండ్లు కనపడవా? కనపడతాయి. కావాలని చేస్తాంది," అనేది. కావాలని చేసే జబ్బు కాదని ఇద్దరికీ తెలుసు. తెలిసిన సంగతి కోపంలో గుర్తుండదు.

ఒక ఆదివారం గుడికి అందరూ తయారయ్యారు. కృపమణికి ఏసుమణి ఉతికిన తెల్లచీర కట్టి, జడ వేసి కూర్చోబెట్టింది. బయలుదేరే ముందు చూస్తే ఆ తెల్లచీర తడిసింది. ఏసుమణి గోడకు ఒరిగి నిలబడి ఏడవడం మొదలుపెట్టింది. ఆమె తిట్టి ఉంటే సుందరం ఓర్చుకునేవాడేమో. ఆ ఏడుపు చూసేసరికి ఒళ్లు మండిపోయింది. పోయి తల్లి చెయ్యి భుజం కింద పట్టుకున్నాడు.

"లెయ్. ఈ పొద్దు నడుస్తావు. బండే కద మా, మింగుతాదా నిన్ను?"

ఆమె బరువంతా వెనక్కి వేసింది. సుందరం లాగాడు. నడవ మొదట్లో ఆమె రెండో చేత్తో గోడ మూల పట్టుకుంది. ఆ వేళ్లు ఒక్కొక్కటే విడిపించి మళ్లీ లాగాడు. బండ మీదికి వచ్చాక ఆమె కాలు ఆన్చకుండా ఒకటి తీసి ఒకటి వేస్తూ, నిప్పుల మీద నడిచినట్టు గెంతింది. "తొక్కిస్తివి గదరా... పాపం గదరా... తొక్కిస్తివి గదరా," అని అరిచింది. సుందరం ఆగలేదు. చివరిదాకా తీసుకుపోయి, మళ్లీ వెనక్కి తీసుకొచ్చి, మంచం మీద కూర్చోబెట్టి, "సూసినావా? ఏమన్నా అయిందా?" అన్నాడు. గెలిచినవాడిలాగే అన్నాడు.

ఆ రోజు నుంచి కృపమణి మంచం దిగలేదు.

దిగమన్నా దిగదు, పట్టుకుంటే బిగుసుకుపోతుంది. ఆమె భుజం కింద నాలుగు వేళ్ల గుర్తులు ఒక పక్క, బొటనవేలి గుర్తు ఒక పక్క ఎర్రగా లేచి, నీలమై, తర్వాత పచ్చబడ్డాయి. అమ్మకు అన్నం తినిపించేటప్పుడు అవి సుందరానికి ఎదురుగా కనపడేవి. రవికె చెయ్యి కిందికి లాగి కప్పేవాడు, అది మళ్లీ పైకి పోయేది. లెవల్ పైపు పట్టి అంగుళం తేడా రానివ్వని తన చేతులేనా ఇవి అని రోతపుట్టేది. ఈ నేల అమ్మ నడవాలని వేసింది, ఇప్పుడు అమ్మ నడవడం లేదు. డాక్టరు ఏది ఆపవద్దన్నాడో అదే ఆగిపోయింది. ఆపింది తను.

చెల్లెలు ప్రేమజ్యోతి రాజంపేటలో టీచరు. విని పరిగెత్తుకుంటూ వచ్చింది. తల్లికి తల దువ్వుతూ ఆ గుర్తులు చూసింది.

"ఇదేందన్నా?"

"పడబోతాంటే పట్టుకున్నా," అన్నాడు సుందరం. అబద్ధం అంత నున్నగా వస్తుందని అతనికే తెలియదు.

ప్రేమజ్యోతి అతని చెయ్యి తీసుకుని కళ్లకద్దుకుంది. "నువ్వుండావు కాబట్టే అమ్మ ఈమాత్రమన్నా ఉండాది. నేను ఏం చేస్తాండా? సెలవు దొరికితే వస్తాండా, పోతాండా," అని ఏడ్చింది. వంటింటి గడపలో నిలబడిన ఏసుమణి మొగుడి ముఖం ఒకసారి చూసి లోపలికి పోయింది. సుందరానికి భూమిలో కుంగిపోతే బాగుండునని అనిపించింది. అయినా నిజం చెప్పలేదు.

పోయేముందు ప్రేమజ్యోతి నడవలోకి తొంగిచూసి, "మా స్కూలు మేడం వాళ్ల అత్తకు ఇదే జబ్బు. నేల తళతళమంటే నీళ్లు నిలబడినాయనుకుని కాలు పెట్టదంట. ఈ మెరుపు తీసేసి సూడన్నా," అంది.

సుందరం ఆ మాటను గట్టిగా పట్టుకున్నాడు. నీళ్లని భయపడిందంటే తప్పు మెరుపుది, తనది కాదు. ఆ పూటే మిషన్ తెచ్చి, అన్నిటికన్నా గరుకు రాయి బిగించి, తను పట్టిన పాలిష్‌ను తనే గీకేశాడు. నల్లబండ మీద బూడిద పూసినట్టు ఒక పొర లేచింది. ఎండకూ వానకూ ఏళ్లు నానిన బండలా తయారైంది.

కృపమణి మంచం మీద నుంచి మెడ చాచి అటే చూసింది. చాలాసేపు చూసి, ఎవరూ లేపకుండానే లేచింది. ఏసుమణి వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. కృపమణి గోడ పట్టుకుని నడవ దాకా పోయింది, చెప్పులు విడిచింది, వంటింటి ముందున్న బిందెలో చెంబు ముంచింది. కిందికి కూర్చుని, బండ మీద నీళ్లు పోసి, అరచేత్తో ఒక కొస నుంచి కడగడం మొదలుపెట్టింది. శ్రద్ధగా, మెల్లగా, పసిబిడ్డకు నీళ్లు పోసినట్టు.

"జారి పడతావు మా!" అని ఏసుమణి చెంబు లాక్కుంది.

కృపమణి మళ్లీ మంచం మీదికి పోయింది. బండ మీద కాలు మాత్రం పెట్టలేదు.

నవంబరు మొదట్లో సమాధుల పండుగ వచ్చింది. ఏరు పక్కన సమాధుల తోట. ఆ రోజు అందరూ తమవాళ్ల సమాధులు కడిగి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. కృపమణిని తీసుకుపోవాలా వద్దా అని ఇద్దరూ తర్జనభర్జన పడ్డారు. ఏడాదికొక్కసారి, మళ్లీ ఏడాదికి ఎట్లుంటుందో అని ఆటో పిలిపించి, సుందరం ఆమెను ఎత్తి కూర్చోబెట్టాడు. ఎత్తుతుంటే ఆమె బిగుసుకుపోయింది. అతను పట్టుకున్నాడంటే చాలు, బిగుసుకుపోతోంది.

ప్రేమయ్య సమాధి దగ్గర దించగానే ఆమె చెప్పులు విడిచి పక్కకు జరిపింది. ఏసుమణి చేతిలోని చెంబు తీసుకుంది. కూర్చుని బండ మీద నీళ్లు పోసి, అరచేత్తో ఒక కొస నుంచి కడగడం మొదలుపెట్టింది. కడిగి, బంతిపూలు వరసగా పెట్టింది. ఏసుమణి కొవ్వొత్తి పెట్టడానికి అవతలి వైపు పోవాలని, చుట్టూ తిరగడానికి బద్ధకించి, బండ మూల మీద ఒక కాలు వేసింది.

కృపమణి ఆమె పిక్క మీద ఫట్టున ఒకటి వేసింది. "కాలు తీయ్! మామ పండుకోనుంటే మీద తొక్కుకుంటా పోతావా?"

పక్క సమాధుల దగ్గరివాళ్లు నవ్వారు. ఏసుమణి కూడా నవ్వబోయి, మొగుడి వైపు చూసి ఆగిపోయింది.

సుందరం బండను చూస్తున్నాడు. మూడు ఎండాకాలాలు దాని మెరుపు తినేశాయి. నల్లగా, బూడిద పొరతో, చుట్టూ తెల్ల అంచుతో, మనిషి పడుకునేంత పొడుగున ఉంది. ఇంట్లో ఉన్నదీ ఇదే. అతుకు లేని బండ, ఒకే పొరలో తీసింది, ఒకే చేత్తో పరిచింది. పాలిష్ గీకేసి ఆ కాస్త తేడా కూడా లేకుండా చేసిందీ ఈ చెయ్యే.

చెప్పులు విడిచింది అందుకు. అంచు మీద నడిచింది అందుకు. తొక్కిస్తివి గదరా అని అరిచింది అందుకు. మతి లేనిది అమ్మ అనుకున్నాడు తను. కట్టుకున్న మొగుడి సమాధి మీద తల్లిని ఈడ్చాడు. పోయేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి. పైగా ఏమన్నా అయిందా అని అడిగాడు.

అతను తోట గోడ దాకా పోయి అక్కడ కూర్చుండిపోయాడు. పాస్టరయ్య ప్రార్థనకు పిలిచినా రాలేదు. నాయనను తలుచుకుని ఏడుస్తున్నాడని అందరూ అనుకున్నారు. అట్లా అనుకోవడం కూడా అతనికి దొంగతనంలాగే తోచింది.

ఇంటికొచ్చాక ఏసుమణితో అన్నాడు, "అమ్మ చెయ్యికి ఆ గుర్తులు..."

"నాకు తెలుసు. నేను సూడలేదా?" అంది ఏసుమణి. "నేను ఆ పొద్దు అట్ల ఏడవకపోతే నువ్వు లాగి ఉండవు. పక్కింటామెకు అత్త నడక నడిచి సూపిస్తి నేను. నవ్విస్తి," అంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయారు.

తెల్లారి సుందరం గడ్డపార తీసుకుని నడవలోకి దిగాడు. ముందు బండను ముక్కలు చేద్దామనుకున్నాడు. గడ్డపార ఎత్తాడు గానీ చెయ్యి రాలేదు. అంచు తవ్వి, పక్కిళ్లవాళ్లను పిలిచి, బండను అట్లాగే లేపి పెరట్లో గోడకు ఆనించాడు. వాళ్లు పోయాక నడవలో పొడుగాటి గుంత మిగిలింది. తడి ఇసుక, కింద గరుసు మట్టి. సుందరం ఆ గుంత పక్కనే చతికిలబడ్డాడు. ఏడుపు ఎప్పుడు మొదలైందో అతనికి తెలియలేదు.

గోడ మీద చెయ్యి రాసుకుంటూ ఎవరో వస్తున్న చప్పుడు. తలెత్తితే కృపమణి. ఎవరూ లేపకుండా వచ్చింది. గుంత కొసన ఆగి, కొంగు తల మీదికి లాక్కుని, వంగి పిడికెడు మట్టి తీసింది. గుంతలో వేసింది. మళ్లీ తీసి వేసింది. సమాధిలోకి పెట్టె దించాక అందరూ వేసినట్టే, మూడో పిడికిలి కూడా వేసి, చేతులు దులుపుకుంది. అప్పుడు పక్కన ఏడుస్తున్న మనిషిని చూసింది.

"ఎవురప్పా పోయింది?"

సుందరం ఆమె ముఖంలోకి చూశాడు. ఆ కళ్లలో తనెవరో తెలిసిన జాడ లేదు. పరాయి మనిషి మీద చూపించే జాలి మాత్రం ఉంది.

"మా అమ్మ," అన్నాడు. ఆ మాట ఎందుకు వచ్చిందో అతనికీ తెలియదు.

"అయ్యో నాయనా." ఆమె గోడ పట్టుకుని కష్టంగా అతని పక్కన కూర్చుంది. "బాగ సూసుకుంటివా?"

"ల్యా మా." సుందరం తల వంచుకున్నాడు. "చెయ్యి పట్టి లాగినా. వద్దు వద్దంటాంటే ఈడ్చినా."

ఆమె ఇంకెవరి కష్టమో విన్నట్టు తల ఊపింది. వేళ్ల గుర్తులు ఇంకా పచ్చగా ఉన్న ఆ చేత్తోనే అతని వీపు నిమిరింది.

"ఆమె తల్లి కదప్పా. తల్లికి ఏం గుర్తుంటాయి అయ్యన్నీ," అంది. "ఏడవాకు. లెయ్, ఇంటికి పో. ఇంటికాడ నీకోసం ఎదురుసూస్తాంటారు."

క్షమించమని అడగాలనుకున్నాడు. ఎవరిని అడగాలి? అడిగితే ఆమె సరేనంటుంది, ఏం తప్పు చేశావని కూడా అడగదు. ఆ సరే తనకు పనికిరాదని సుందరానికి అర్థమైంది. ఆమె చెయ్యి వీపు మీద తిరుగుతున్నంతసేపూ అతను తల ఎత్తలేదు.

ఆ మధ్యాహ్నమే శెట్టి డిపో నుంచి గరుకు బూడిదరంగు బండలు తెచ్చాడు. కేశవులు శెట్టి మూలకు చెయ్యి చూపించాడు. సుందరం గుంత పూడ్చి, నడవకు అవే వేశాడు. ముందు గది బండల పాలిష్ కూడా గీకేశాడు. మంచం దగ్గర నుంచి బాత్రూము దాకా ఒకటే రంగు, అంచు లేదు, గీత లేదు, మెరుపు లేదు. వీధివాళ్లు వచ్చి చూసి, "ఏందప్పా, గొడ్ల కొట్టం చేస్తివి," అని ఎగతాళి చేశారు. ఔనన్నాడు.

కృపమణి మొదటి రెండు మూడు రోజులు మంచం మీద నుంచి చూసింది. తర్వాత ఒక పొద్దున లేచి నిలబడింది. ఇన్నాళ్లు పడుకుని కాళ్లలో బలం పోయింది. సుందరం ఆమె దగ్గరికి పోయి పట్టుకోలేదు, చెయ్యి చాచి నిలబడ్డాడు. ఆమె ఆ చెయ్యి చూసి, కొంచెంసేపు ఆగి, తనే పట్టుకుంది. ఇద్దరూ మెల్లగా నడవ దాకా వచ్చారు. ఆమె ఆగలేదు, కిందికి చూడలేదు, చెప్పులు విడవలేదు. మామూలుగా, ఏ ఇంట్లోనైనా ఎవరైనా నడిచినట్టు, నడవ మధ్యలోంచి నడిచింది. వంటింటి గడపలో ఏసుమణి కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

సుందరం మాత్రం గోడకు భుజం రాసుకుంటూ, పాదాలు అడ్డంగా పెట్టుకుంటూ, అంచున జరుగుతూ వస్తున్నాడు. నడిమి మీద కాలు వేద్దామనుకున్నాడు, వేయలేకపోయాడు. కింద పూడ్చిన మట్టిలో అమ్మ వేసిన మూడు పిడికిళ్లు ఉన్నాయి.

కృపమణి ఆగి, వెనక్కి తిరిగి అతని కాళ్ల వైపు చూసింది.

"ఏందప్పా, ఆ మూలన నడుస్తాండావు? నడిమిట్ల రా. బండే కదా, మింగుతాదా నిన్ను?"

అని చెయ్యి పట్టి లాగింది. మెల్లగానే లాగింది.